దోమల్లోని వైరస్‌లను జన్యువులు చూసి గుర్తించడం ఎందుకు? జ్వరం వచ్చినవాళ్ల రక్తం పరీక్షిస్తే చాలదా?

ప్రశ్న అడిగినవారు రెండు విషయాలు కలిపి అడిగారు. దోమ ఒంట్లో ఉన్న వైరస్ ఏదో, అది ఏ గుంపులోకి వస్తుందో ఎలా తేలుస్తారు అన్నది ఒకటి. మనుషుల రక్తం చూస్తే తెలిసిపోయేదానికి పనిగట్టుకుని దోమల్ని పట్టి, ల్యాబులో నూరి, లక్షలు ఖర్చు పెట్టడం దండగ కదా అన్నది రెండోది. ఆ దండగ అన్న మాట చదివాక మనసు చివుక్కుమంది. నేను మూడేళ్లు అదే పని చేశాను, మొదట ఫీల్డు అసిస్టెంటుగా, తర్వాత ల్యాబులో.

చాలదు. ఎందుకు చాలదో చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

మాది అనంతపురం జిల్లా. 2006లో నేను పదో తరగతి. ఆ ఏడాది మా ఊళ్లో చికున్‌గున్యా రాని ఇల్లు లేదు. మా అవ్వకు అప్పటికి అరవై దాటినా చేలో శెనక్కాయలు పీకేదానికి అందరికంటే ముందు పోయేది. అలాంటి మనిషి గోడ పట్టుకుని బాత్రూముకు నడిచింది, చెంబు పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోలేదు. జ్వరం వారంలో పోయింది, కీళ్లనొప్పులు మాత్రం ఏడాది దాటినా వదల్లేదు. పేరులో చికెన్ అని వినబడుతోందని ఊళ్లో కోడికూర మానేశారు, చికెన్ కొట్టు పెట్టుకున్నాయన రెండు నెలలు మూసేసుకున్నాడు. ఆ పేరు ఆఫ్రికాలో మకొండే ప్రజల భాష నుంచి వచ్చింది, మనిషి వంగిపోవడం అని దాని అర్థం, కోడికి ఏ సంబంధమూ లేదు. ఇప్పటికీ చికెన్‌గున్యా అని రాసేవాళ్లు ఉన్నారు, దయచేసి మానండి.

ఆ జబ్బు మనకు కొత్త కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1963లో కలకత్తాలో వచ్చింది, 1965లో మన విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలో వచ్చింది, 1973లో మహారాష్ట్రలోని బార్శీలో వచ్చాక పెద్దగా కనబడలేదు. 2005 చివర మళ్లీ లేచి 2006లో దేశమంతా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు తెచ్చింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వాళ్లు కొత్త వైరస్ జన్యువును పాతవాటి పక్కన పెట్టి చూశారు. 1963 నుంచి 1973 దాకా వచ్చినవి ఆసియా రకం, 2006లో మా అవ్వను పడగొట్టింది ఆఫ్రికా రకం. అంటే పాతది నిద్రలేవలేదు, వేరేది బయటినుంచి వచ్చింది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. చాలామందికి తెలియంది ఏంటంటే, పుణె జిల్లాలోని యవత్ అనే ఊళ్లో 2000లో పట్టిన, ఇళ్లలో నిలవ నీళ్లలో పుట్టే ఏడిస్ ఈజిప్టై అనే జాతి దోమల నుంచి తీసిన చికున్‌గున్యా వైరస్ ఒకటి వాళ్ల దగ్గర ఉంది. దాన్ని కూడా ఈ వరుసలో పెట్టి చూస్తే, అదీ ఆఫ్రికా రకమే. మనుషుల్లో ఆ జబ్బు విరుచుకుపడడానికి ఐదేళ్ల ముందే ఆ రకం మన దోమల్లో ఉంది. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రక్తపరీక్ష చాలు అనేవాళ్లకు నా జవాబు యవత్ దోమలే. 2000లో ఆ ఒక్క ఊళ్లో కాకుండా యాభై ఊళ్లలో దోమల్ని చూస్తూ, దొరికిన ప్రతి వైరస్ రకం అప్పటికప్పుడు తేల్చి ఉంటే, మా అవ్వ ఆ ఏడాది అంత బాధ పడేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక గుర్తించడం ఎలా అన్న సంగతి. అందరూ నేరుగా మెషిన్ దగ్గరికి వెళ్లిపోతారు, ముందు దోమను పట్టాలి కదా.

మా ప్రాజెక్టు మెదడువాపు జబ్బు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కోసం. కర్నూలు వైపు కేసీ కాలువ కింద వరి పండే ఊళ్లు మా ఏరియా. ఈ వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది, వరిమడి నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ మోస్తుంది. ఆ దోమకు మనిషికంటే ఆవులు, బర్రెలు ఇష్టం. అందుకని పొద్దు మునిగాక పశువుల కొట్టాల్లో వెతికేవాళ్లం. టార్చి ఒక చేత్తో, ఆస్పిరేటర్ ఇంకో చేత్తో. అది ఒక గాజు గొట్టం, దానికో రబ్బరు ట్యూబు, మధ్యలో దోమ నోట్లోకి రాకుండా సన్నని జాలీ. గోడమీద, తాళ్లమీద వాలిన దోమ మీద గొట్టం పెట్టి సుతారంగా పీల్చాలి. గట్టిగా పీలిస్తే దోమ నలిగిపోతుంది, నలిగినదాన్ని తర్వాత గుర్తుపట్టలేం.

అక్టోబరులో ఒకరోజు ఒక అవ్వ వాళ్ల కొట్టంలో పట్టుకుంటున్నాం. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఏమ్మీ, దోమల్ని చంపేదానికి మందు కొట్టండని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రారు, మీరేమో పట్టుకోని పోయేదానికి వచ్చినారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. మందు కొట్టేవాళ్లు వేరే అవ్వా, మేము ఏ దోమలో ఏ జబ్బు ఉందో చూసేవాళ్లం అని చెప్పాను. ఆమె లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చింది. ఆ రాత్రి పది దాకా పట్టి, బతికున్నవాటిని తడిగుడ్డ కప్పిన బోనులో పెట్టి ల్యాబుకు తెచ్చాం.

తెల్లారి వాటిని చలికి మత్తెక్కించి, చల్లటి పలక మీద పోసి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటి జాతులవారీగా వేరు చేయాలి. తొండం మధ్యలో తెల్లటి పట్టీ ఉందా, కాళ్ల మీద పట్టీలు ఎలా ఉన్నాయి, వీపు మీద పొలుసుల రంగు ఏంటి, ఇవన్నీ చూడాలి. క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్, క్యూలెక్స్ విష్ణుయి అన్నదమ్ముల్లా ఉంటాయి, కళ్లు నొప్పెట్టేదాకా చూస్తే గానీ తేడా తెలియదు. పొట్ట ఎర్రగా ఉన్న దోమల్ని పక్కన పెట్టాలి, ఎందుకంటే అందులో ఉన్న రక్తం పశువుది, వైరస్ దొరికినా అది దోమదో రక్తానిదో చెప్పలేం. మిగిలిన ఆడదోమల్ని ఒకే జాతివి యాభైకి మించకుండా ఒక ట్యూబులో వేసి, ఊరు, తేదీ, జాతి రాసి మైనస్ 80 ఫ్రీజర్లో పెట్టాలి. అలా ఒక్కో ట్యూబును మేము పూల్ అనేవాళ్లం. ఈ పని తప్పు జరిగితే ఎన్ని కోట్ల మెషిన్ పెట్టినా తర్వాత వచ్చేది చెత్తే. వైరస్‌ను పట్టుకునేది నా లెక్కలో మెషిన్ కాదు, ఆ పలక ముందు కూర్చున్న మనిషి.

తర్వాత దోమల్ని నూరి ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్ని డీఎన్‌ఏ రూపంలోకి తిరగరాసి, పీసీఆర్ పెడతాం, అంటే వెతుకుతున్న జన్యువు ముక్క ఉంటే దాన్ని లక్షల కాపీలు చేసి, జెల్ మీద ఒక గీతలా కనబడేలా చేస్తాం. మేము వాడింది ఒక్క జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కోసమే చేసిన పరీక్ష కాదు. ఫ్లేవీవైరస్‌లు అని ఒక పెద్ద కుటుంబం ఉంది, డెంగీ, జికా, వెస్ట్ నైల్ అన్నీ అందులోవే. వాటన్నిటిలో పెద్దగా మారకుండా ఉండే ఎన్‌ఎస్5 అనే జన్యువులో ఒక ముక్కను పట్టే పరీక్ష అది. కుటుంబంలో ఎవరున్నా గీత పడుతుంది, ఎవరన్నది గీత చెప్పదు.

ఆ అవ్వ కొట్టంలో పట్టిన దోమల పూల్‌లో గీత పడింది. సరిగ్గా ఉండాల్సిన సైజులో, తెల్లగా. ల్యాబంతా నిశ్శబ్దం. నాకు చేతులు వణికాయి, ఎందుకంటే ఆ ఇంట్లో ఆరేళ్ల మనవడు ఉన్నాడు, మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చింది వాడే. మా మేడం మాత్రం ఒకటే అడిగారు: "అది వైరసేనా, దోమ జన్యువులో ఇరుక్కున్న పాత ముక్కా?" ఏడిస్ దోమల సొంత డీఎన్‌ఏలోనే ఎప్పుడో చొరబడిన ఫ్లేవీవైరస్ ముక్కలు ఉంటాయి, వాటిని చూసి వైరస్ దొరికిందని మోసపోయే ప్రమాదం ఉంది. క్యూలెక్స్ అయినా నమ్మడానికి లేదన్నారు. డీఎన్‌ఏని ఎంజైముతో తినిపించేసి, తిరగరాసే ఎంజైము వేసి ఒకటి, వేయకుండా ఒకటి పెట్టాం. దోమ డీఎన్‌ఏ ముక్క మిగిలి ఉంటే వేయనిదాంట్లోనూ గీత వచ్చేది. వేసినదాంట్లోనే వచ్చింది. అంటే నిజంగా ఆర్‌ఎన్‌ఏ ఉంది. సీక్వెన్సింగ్‌కు అంటే జన్యువు అక్షరాలు వరుసగా చదివించడానికి బయటికి పంపాం.

ఆ ఫలితం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఈ పదకొండు రోజుల్లో జరిగింది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మాతో తిరిగేవాళ్లలో ఎవరో నోరు జారారు, "మీ ఊరి దోమల్లో మెదడువాపు దొరికిందంట" అని. రెండు రోజుల్లో పిల్లల్ని చుట్టాల ఊళ్లకు పంపేశారు, బడి ఖాళీ. అంతవరకు అర్థం చేసుకోగలను. కానీ ఊరి చివర పందులు పెంచుకునే నాలుగు కుటుంబాల మీదికి పోయి, ఊరు వదిలిపెట్టి పొమ్మన్నారు. ఒకాయన ఉన్న పందులన్నీ సగం ధరకు అమ్ముకున్నాడు. తేలని ఒక గీత వల్ల ఒక కుటుంబం తిండి పోయింది.

పదకొండో రోజు అక్షరాలు వచ్చాయి. రెండువందల యాభై అక్షరాలు, అంతే. ఈ వైరస్‌ల పూర్తి జన్యువు దాదాపు 11,000 అక్షరాలు ఉంటుంది, మా చేతిలో ఉన్నది అందులో ఒక చిన్న వాక్యం. ప్రపంచంలో అందరూ జమచేసిన జన్యువుల భండారంలో దాన్ని వెతికితే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు దరిదాపుల్లో లేదు. వంశవృక్షం గీస్తే మా అక్షరాల వరుస వెళ్లి కీటకాలకే పరిమితమైన ఫ్లేవీవైరస్‌ల కొమ్మ మీద కూర్చుంది, 2007లో జపాన్ వాళ్లు క్యూలెక్స్ ఫ్లేవీవైరస్ అని పేరు పెట్టినదాని పక్కన. ఈ గుంపువి దోమల్లోనే పెరుగుతాయి, మనిషి కణాల్లో, పశువు కణాల్లో పెరగవు. ఇలాంటివాటిలో మొదటిది 1975లో ఏడిస్ ఈజిప్టై కణాల్లో బయటపడింది.

మళ్లీ ఆ ఊరికి పోయి చెప్పాం. భయం లేదు, ఇది మనుషులకు అంటదు అని. మజ్జిగ ఇచ్చిన అవ్వ అంతా విని, "అయితే ఆ జబ్బు దోమకేనా? దోమకూ జబ్బు చేస్తుందా?" అని అడిగింది. నేను ఈ రంగంలో విన్న ప్రశ్నలన్నిటిలో అంత మంచి ప్రశ్న ఇంకొకటి లేదు. అవును అవ్వా, దోమకూ దాని వైరస్‌లు దానికి ఉంటాయి. 2016లో ఒక్క పరిశోధనలోనే వెన్నెముక లేని జీవుల్లో 1,445 కొత్త ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు బయటపెట్టారు, దోమలూ ఈగలూ సాలీళ్లూ అన్నీ కలిపి. దోమలో ఉన్న వైరస్‌లలో మనకు హాని చేసేవి చాలా కొద్ది. ఆ కొద్దినీ మిగతావాటి నుంచి వేరు చేయడమే వర్గీకరణ. అది పుస్తకాల్లో పేర్లు పెట్టుకునే సరదా పని అనుకునేవాళ్లు పందులు అమ్ముకున్న ఆయన్ని కలవాలి.

అన్నట్టు ఈ పేర్ల గురించి. బ్యాక్టీరియాకైతే అన్నిటిలోనూ ఉండే ఒక జన్యువు ఉంది, దాన్ని చదివితే వంశం తెలుస్తుంది. వైరస్‌లన్నిటికీ అలా ఉమ్మడి జన్యువు లేదు. అందుకే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకు తమ ఆర్‌ఎన్‌ఏను కాపీ చేసుకునే ఎంజైము జన్యువును ఆధారం చేసుకుంటారు, ఎన్‌ఎస్5లో ఉండేది అదే. ఈమధ్య అంతర్జాతీయ కమిటీ పేర్లన్నీ రెండు మాటల పద్ధతికి మార్చింది, ఫ్లేవీవైరస్ ప్రజాతి ఇప్పుడు ఆర్థోఫ్లేవీవైరస్ అయింది. పాత పేపర్లు, కొత్త పేపర్లు కలిపి చదివే విద్యార్థులకు ఇది నరకం. అయినా మార్చడం సరైనదే అంటాను. మనం సరిదిద్దుకోవాల్సిన పేరు మాత్రం ఇంకొకటుంది. దోమ కుట్టి వచ్చేదాన్నంతా వైరల్ ఫీవర్ అని, మలేరియాను కూడా వైరస్ అని చెప్పేవాళ్లు మన దగ్గర కొల్లలు. మలేరియా పరాన్నజీవి, వైరస్ కాదు. 1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో దాన్ని చూసింది మన సికింద్రాబాద్‌లోనే, మనమైనా ఈ తేడా తప్పకూడదు.

రక్తపరీక్ష సంగతికి వస్తే, ఫ్లేవీవైరస్‌లకు మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేలా ఉంటాయి. 1999లో న్యూయార్క్‌లో మెదడు జ్వరాలు వచ్చినప్పుడు యాంటీబాడీలు చూసి అదే కుటుంబంలోని సెయింట్ లూయీ ఎన్‌సెఫలైటిస్ అని ప్రకటించారు. అదే సమయంలో కాకులు రాలిపోతున్నాయి, జంతుప్రదర్శనశాలలో పక్షులు చస్తున్నాయి. జన్యువు చదివాకే అది వెస్ట్ నైల్ అని, 1998లో ఇజ్రాయెల్లో బాతు జాతి పక్షిలో దొరికినదానికి దగ్గర చుట్టం అని తేలింది. అమెరికాకే అలా జరిగితే మన జిల్లా ఆస్పత్రిలో కార్డు పరీక్ష చూసి నిశ్చింతగా ఎలా ఉంటాం? మన దగ్గరా 2003లో తెలంగాణ జిల్లాల్లో పిల్లలు జ్వరం, మూర్ఛలతో గంటల్లో చనిపోతుంటే మెదడువాపే అనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన 329 మంది పిల్లల్లో 183 మంది పోయారు. అది చాందీపురా వైరస్, రేబిస్ కుటుంబానిది, దోమకంటే చిన్నదైన శాండ్‌ఫ్లై మోసేది. వైరస్ ఏదో తెలియకపోతే ఏ పురుగు మీద మందు కొట్టాలో కూడా తెలియదు.

ఒక్క అక్షరం తేడా కూడా లెక్కే. చికున్‌గున్యా వైరస్ పైపొరలోని ఈ1 ప్రోటీన్‌లో 226వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారింది, అంతే, అప్పటిదాకా ఏడిస్ ఈజిప్టైని నమ్ముకున్న వైరస్ ఏడిస్ ఆల్బోపిక్టస్‌లో జోరుగా పెరగడం మొదలుపెట్టింది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో అలాగే జరిగింది, 2007లో కేరళలో ఆ మార్పు ఉన్న వైరసే దొరికింది. ఆల్బోపిక్టస్ తోటల్లో, చెట్ల తొర్రల్లో, రబ్బరు పాల చిప్పల్లో పుట్టే దోమ. ఇంట్లో కూలర్ నీళ్లు పారబోయమని చెప్తే అక్కడ ఏం లాభం? ఆ అక్షరం చదివినవాడికే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇంకో మాట, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ప్రపంచంలో దోమ వైరస్‌లు పెంచే ల్యాబుల్లో ఎక్కువగా వాడే కణాలు సీ6/36 అని ఉన్నాయి. వాటి మూలం 1967లో పుణెలో కె.ఆర్.పి. సింగ్ ఏడిస్ ఆల్బోపిక్టస్ లార్వాల నుంచి పెంచిన కణాలు, 1978లో ఇగరాషి వాటి నుంచి ఈ రకాన్ని వేరు చేశారు. మన దేశపు ల్యాబులో పుట్టినవి ప్రపంచమంతా వాడుతుంటే, మన జిల్లాల్లో దోమల్ని గుర్తుపట్టే మనిషికి పదకొండు నెలల కాంట్రాక్టు. నాకు తెలిసిన ఒకాయన మైక్రోస్కోపు లేకుండా, ఉత్త కంటితో క్యూలెక్స్ జాతులు చెప్పేవాడు. కాంట్రాక్టు పొడిగించలేదు, ఇప్పుడు బైకు మీద పార్సిళ్లు ఇస్తున్నాడు. ఆయన చేతిలోని విద్య ఏ సీక్వెన్సింగ్ మెషిన్‌కీ రాదు.

మా ఫ్రీజర్ గతి కూడా అంతే అయింది. ఒక వేసవిలో శని, ఆదివారాలు కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక, సోమవారం తలుపు తీసేసరికి రెండు అరలు కరిగి నీళ్లయ్యాయి. ఆర్‌ఎన్‌ఏ ఒకసారి చెడిపోతే ఇక అంతే. ఏడాదిన్నర రాత్రులు ఆ నీళ్లలో పోయాయి. ఆ రోజు నేను ఏడ్చాను.

కింది అర మాత్రం గట్టిగా గడ్డకట్టే ఉంది, అందులో 140 ట్యూబులు. ప్రాజెక్టు ముగిసి, నేను వేరే ఉద్యోగానికి వచ్చి ఏళ్లయింది. మీ ప్రశ్న చూశాక నిన్న పాత ల్యాబుకు ఫోన్ చేసి అడిగాను. అవి ఇంకా ఉన్నాయట, లేబుళ్ల మీద నా చేతిరాత కూడా చెరిగిపోలేదట. పారేయొద్దని చెప్పాను. వాటి పూర్తి జన్యువులు చదివించే వీలున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే కింద ఒక మాట రాయండి, ఎవరిని అడగాలో చెప్తాను.